నాలుగు బ్రోచర్లు, ఒక పార్కింగ్ స్లాటు: ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎంపికపై ఒక కేస్ స్టడీ

కారు కొనబోయే కుటుంబాలకు రుసుము తీసుకుని సలహా ఇవ్వడం నా వృత్తి. డీలర్ల దగ్గర కమీషన్ తీసుకోను కనుక ఏ కారు కొన్నా నాకు ఒకటే. ఇక్కడ రాస్తున్న కేసు 2025 వేసవి చివర్లో మొదలై దసరా ముందు ముగిసింది. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు చోట్ల ఊరి దూరాన్ని అటూ ఇటూ చేశాను. ఈ కేసులో నేను మొదట తప్పుదారి పట్టాను, ఒక విషయాన్ని చివరిదాకా గమనించలేదు. ఆ రెండూ నా తోటి సలహాదారులకు పనికొస్తాయని రాస్తున్నాను.

నేపథ్యం

పశ్చిమ హైదరాబాద్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. భర్త ప్రైవేటు కంపెనీలో, భార్య బ్యాంకులో ఉద్యోగులు. ఇద్దరు పిల్లలు, భర్త తల్లి. ఆమెకు డెబ్బై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగాయి. కృష్ణా డెల్టాలో సొంత ఊరుంది, హైదరాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. పదకొండేళ్ల డీజిల్ కారును అమ్మి, బీమాతో సహా 22 లక్షలలోపు ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనాలన్నది నిర్ణయం. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. జీఎస్టీ 5 శాతమే. పది లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసే ఆదాయపు పన్ను) కట్టాల్సి వచ్చినా అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. అందువల్ల షోరూం ధరకూ రోడ్డు మీదికొచ్చే ధరకూ మధ్య తేడా పెట్రోలు కార్లలో ఉన్నంత ఉండదు.

వాళ్లు తెచ్చిన ప్రశ్న

భర్త నా ముందు మూడు బ్రోచర్లు పరిచారు: టాటా కర్వ్ ఈవీ, మహీంద్రా బీఈ 6, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్. "ఈ మూడింటిలో ఏది ఎక్కువ దూరం వెళ్తుందో చెప్పండి సార్, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు. ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే వెళ్లే దూరం, అంటే రేంజ్, పెద్ద బ్యాటరీ ఉన్న కర్వ్‌కు 585, పెద్ద బ్యాటరీ క్రెటాకు 473, 79 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ఉన్న బీఈ 6కు 680 పైచిలుకు కిలోమీటర్లు. ఆయన ఈ అంకెల కింద ఎర్ర సిరాతో గీతలు గీసి ఉంచారు.

ఆ మొదటి సమావేశంలో భార్య దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఆమె మౌనాన్ని నేను అంగీకారం అనుకున్నాను. రోజూ కారు నడిపేది ఆమేనని తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

మొదటి ప్రయత్నం: మార్కుల పట్టిక

అలవాటు ప్రకారం ఇరవై రెండు అంశాలతో ఒక పట్టిక వేశాను. ఒక్కో అంశానికి ఒక ప్రాముఖ్యం, ఒక్కో కారుకు మార్కులు, చివర మొత్తం. నాలుగో కారుగా ఎంజీ విండ్సర్ ప్రోను నేనే చేర్చాను. అది కచ్చితంగా ఎస్‌యూవీ కాదు. అయినా 52.9 యూనిట్ల బ్యాటరీతో, ఈ బడ్జెట్‌లో పోటీకి నిలబడే కారు.

పట్టిక చూడడానికి ముచ్చటగానే ఉంది, పనికి మాత్రం రాలేదు. రేంజ్‌కు ప్రాముఖ్యం పెంచితే బీఈ 6 గెలిచింది, డిక్కీకి పెంచితే 500 లీటర్ల కర్వ్ గెలిచింది, ధరకు పెంచితే విండ్సర్ పైకొచ్చింది. తూకం రాళ్లు మార్చినప్పుడల్లా సరుకు బరువు మారుతుంటే తక్కెడను నమ్మేదెలా? రెండో రోజు భర్త పట్టికను ఇంటికి తీసుకెళ్లి, తనకు నచ్చిన కారు గెలిచేలా ప్రాముఖ్యాలు దిద్దుకుని తెచ్చారు. ఆయనను తప్పుపట్టను. అలా దిద్దుకునే వీలు ఇచ్చిన సాధనాన్ని ఆయన చేతిలో పెట్టింది నేనే.

అసలు లోపం అంతకంటే లోతున ఉంది. పట్టికలో రేంజ్ గడిలో రాసిన అంకెలు ప్రయోగశాల అంకెలు. మన దేశపు పరీక్షా విధానంలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కొద్దిసేపే. 585 అని ప్రకటించిన కర్వ్‌కే కంపెనీ వాస్తవ వినియోగంలో 400 నుంచి 425 కిలోమీటర్లు వస్తాయని వేరుగా చెప్పింది. ఒకే కారుకు, ఒకే కంపెనీ ఇచ్చిన రెండు అంకెల మధ్యే 160 కిలోమీటర్ల పైన తేడా ఉంటే, నాలుగు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేతలు చేయడంలో అర్థం లేదు. పట్టికను పక్కన పెట్టేశాను.

ప్రశ్న మార్చడం

కార్లను వదిలి కుటుంబం నడిపే దూరాలను కొలవడం మొదలుపెట్టాను. నెలకు ఎంత తిరుగుతారని అడిగితే భర్త "రెండు వేలు ఉంటుంది" అన్నారు. పాత కారు సర్వీసు బిల్లులు అడిగి తీసుకున్నాను. ప్రతి బిల్లు మీదా తేదీ, ఓడోమీటరు అంకె ఉంటాయి. గత మూడేళ్ల బిల్లులు వరుసగా పేర్చి లెక్క కడితే ఏడాదికి 13,800, అంటే నెలకు 1,150 కిలోమీటర్లు. జ్ఞాపకానికీ బిల్లుకూ మధ్య ఇంత తేడా దాదాపు ప్రతి కేసులోనూ కనిపిస్తుంది. మనిషికి దూర ప్రయాణం గుర్తుండిపోతుంది, మంగళవారం ఆఫీసుకు వెళ్లొచ్చిన సంగతి గుర్తుండదు.

అందులో సగానికి పైగా భార్య బ్యాంకుకు వెళ్లొచ్చే దూరం, రోజుకు 34 కిలోమీటర్లు. ఊరి ప్రయాణం ఏడాదికి ఆరుసార్లు. నగరంలో 34 కిలోమీటర్లకు ఖర్చయ్యేది సుమారు ఐదు యూనిట్లు. (ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్. ఈ మాట చెప్పాక బ్యాటరీ పరిమాణం గురించి వాళ్లతో మాట్లాడడం చాలా సులువైంది.) కాబట్టి నాలుగు కార్లలో దేని బ్యాటరీ అయినా రోజువారీ అవసరానికి ఎనిమిదింతలకు పైనే. రేంజ్ అన్నది ఏడాదిలో పన్నెండు రోజుల ప్రశ్న. రోజూ ఎదురయ్యేది ఇంట్లో చార్జింగ్ ప్రశ్న.

పార్కింగ్ స్లాటు

వాళ్ల స్లాటు సెల్లారులో, కరెంటు మీటర్ల బోర్డుకు 38 మీటర్ల దూరంలో ఉంది. టేపు పట్టి కొలిచాం. ముందు 7.4 కిలోవాట్ల గోడ చార్జరు పెట్టుకుంటామని అపార్ట్‌మెంట్ సంఘానికి దరఖాస్తు ఇచ్చాం, వాళ్లు తిరస్కరించారు. ఒక కారణం మంటలు రేగుతాయన్న భయం. రెండోది, పది మంది ఇలాగే అడిగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదన్న అభ్యంతరం. ఇంట్లో ఉన్న కనెక్షన్ నుంచే సొంత వాహనాన్ని చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయని భర్త వాదించబోయారు. ఆయన మాట నిజమే అయినా వద్దన్నాను. సంఘం వాళ్లు రోజూ లిఫ్టులో ఎదురుపడే మనుషులు. పైగా ట్రాన్స్‌ఫార్మర్ గురించి వాళ్లన్నది అర్థం లేని మాట కాదు.

ఈ ఫ్లాట్‌కు మంజూరైన లోడు ఐదు కిలోవాట్లే. 7.4 కిలోవాట్ల చార్జరు పెడితే లోడు పెంచుకోవాలి, లావు తీగ లాగాలి. అసలు అంత వేగం దేనికి? రోజుకు ఐదు యూనిట్లే కావాల్సిన కారుకు మామూలు 15 ఆంపియర్ల సాకెట్, అంటే సుమారు మూడు కిలోవాట్ల చార్జింగ్, రెండు గంటల పని. శుక్రవారం రాత్రి బ్యాటరీ 60 శాతం ఉన్నా ఎనిమిది గంటల్లో దాదాపు నిండుతుంది. గీజరు, ఏసీ ఆగిన తరువాత రాత్రి పదకొండు నుంచి టైమరు పెడితే ఐదు కిలోవాట్ల లోడులోనే అన్నీ సర్దుకుంటాయి.

రెండోసారి సంఘానికి ఇచ్చిన దరఖాస్తులో 'చార్జరు' అన్న మాటే లేదు. సొంత మీటరు నుంచి ఒక 15 ఆంపియర్ల పాయింటు, దానికి విడిగా లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ, లీకేజీ వస్తే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ, ఇనుప గొట్టంలో తీగ, తాళం వేసే పెట్టె అని రాశాం. అడిగిన లోడు ఒక గీజరు కంటే కొంచెమే ఎక్కువ. వారంలో సంతకాలు వచ్చాయి. చాలా అపార్ట్‌మెంట్లలో గొడవ ముదిరేది అవసరానికి మించిన చార్జరు అడగడం వల్లే అన్నది నా అనుభవం.

ఖర్చు లెక్కలో ఒక జాగ్రత్త తీసుకున్నాం. కారు వాడే యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా పడతాయి కనుక అవన్నీ పై శ్లాబులోకే వెళ్తాయి. అందువల్ల సగటు రేటును వదిలి యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నాం. చార్జింగులో పోయే నష్టం కలిపి వంద కిలోమీటర్లకు 16 నుంచి 17 యూనిట్లు అనుకుంటే కిలోమీటరుకు రూపాయి డెబ్బై పైసల లోపే. ఇందులో ఏ కారు కొన్నా పెద్ద తేడా రాదు. కాబట్టి ఈ అంశం ఎంపికలో నిర్ణాయకం కాదని తేలింది, పక్కన పెట్టాం.

ఊరి దారి

షోరూం వాళ్లిచ్చే ఐదు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు. అందుకని ఒక ఎలక్ట్రిక్ కారును రెండు రోజులకు అద్దెకు తీసుకుని విజయవాడ హైవే మీద వెళ్లొచ్చాం. అది వాళ్లు కొనదలచిన నాలుగింటిలో ఒకటి కాదు. ఆ యాత్రలో పరీక్షకు పెట్టింది దారినీ, వాళ్ల అలవాట్లనూ. వెళ్లేటప్పుడు గంటకు 90 దాటకుండా, వచ్చేటప్పుడు భర్తకు అలవాటైన 110లో నడపమన్నాను. వెళ్లేటప్పుడు వందకు 15 యూనిట్లు, వచ్చేటప్పుడు 19కి పైగా ఖర్చయ్యాయి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 90 నుంచి 110కి వెళ్తే అది దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఇది నేను పుస్తకం తెరిచి చెప్పి ఉంటే ఆయన తల ఊపి వదిలేసేవారు. తెర మీద మిగిలిన కిలోమీటర్లు కళ్ల ముందే కరిగిపోతుంటే కాలు తనంతట తానే తేలికైంది.

రెండు సంగతులు ఆ ప్రయాణంలో బయటపడ్డాయి. మొదటిది, మేం ఆగాలనుకున్న చార్జింగ్ కేంద్రంలో రెండు గన్‌లు (కారుకు తగిలించే చార్జింగ్ ప్లగ్గులు) ఉంటే ఒకటి పనిచేయలేదు, రెండోది ఒక క్యాబ్‌కు తగిలించి ఉంది, డ్రైవరు భోజనానికి వెళ్లాడు. మా బ్యాటరీ ఇంకా 45 శాతం ఉంది కనుక తరువాతి కేంద్రానికి వెళ్లిపోయాం. 12 శాతంతో వచ్చి ఉంటే అక్కడే ఇరుక్కుపోయేవాళ్లం. రెండోది, పెద్దావిడ రెండు గంటలకు మించి కూర్చోలేరు. ఏ కారైనా సూర్యాపేట ప్రాంతంలో అరగంట ఆగక తప్పదు. దిగి, కాళ్లు సాగదీసి, టిఫిన్ తిని మళ్లీ ఎక్కడానికి ఆ మాత్రం సమయం కావాలి.

ఆగడం ఎలాగూ తప్పనప్పుడు, ఆగకుండా 300 కిలోమీటర్లు వెళ్లే బ్యాటరీకి డబ్బు పెట్టడం దేనికి? 52.9 యూనిట్ల బ్యాటరీని 90 నుంచి 15 శాతం మధ్యే వాడుకున్నా దాదాపు 40 యూనిట్లు, అంటే హైవే మీద వందకు 16 చొప్పున 250 కిలోమీటర్లు. సూర్యాపేటకు చేరేసరికి బ్యాటరీలో సగం దాకా మిగులుతుంది, అరగంటలో మళ్లీ ఊరికి సరిపడా ఎక్కుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించిన రోజున భర్త తన ఎర్ర గీతల బ్రోచర్లను బ్యాగులో పెట్టేసుకున్నారు. 79 యూనిట్ల బీఈ 6 ఎలాగూ బడ్జెట్ దాటిపోతుంది, ఇప్పుడు దాని అవసరమూ లేదని తేలింది.

వెనక సీటు

నిర్ణయాన్ని అసలు మలుపు తిప్పింది ఇది. బ్యాటరీ కారు అడుగున పరుచుకుని ఉండడం వల్ల చాలా ఎలక్ట్రిక్ కార్లలో వెనక నేల ఎత్తుగా వస్తుంది, పైకప్పు అదే ఎత్తులో ఉండాలి కనుక సీటును ఆ మేరకు పెంచరు. ఫలితంగా మోకాళ్లు పైకి లేచి, తొడల కింద ఆసరా తగ్గుతుంది. ఆరోగ్యవంతుడికి ఇది తెలియదు. మోకాళ్లు అరిగిన మనిషికి గంటలో తెలుస్తుంది.

నాలుగు షోరూంలకూ పెద్దావిడను తీసుకెళ్లాం. ప్రతి కారులోనూ ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాం, కదలని కారులోనే. సేల్స్ కుర్రాడు పది నిమిషాలకే అసహనపడ్డాడు, మేం లేవలేదు. కోడలు వెనక సీట్లో పక్కన కూర్చుని, అత్తగారి తొడకూ సీటుకూ మధ్య అరచేయి దూర్చి చూసేది. ఒక కారులో చేయి నిలువునా పట్టింది. ఆ కారులో పెద్దావిడ అన్న మాట నా నోట్సులో ఉన్నదున్నట్టు ఉంది: "బాగానే ఉంది బాబూ, కానీ పీట మీద కూర్చున్నట్టుంది." కూపే ఆకారపు కార్లు రెండింటిలో, అంటే కర్వ్, బీఈ 6లలో, వెనక కప్పు వాలుగా దిగుతుంది. ఎక్కేటప్పుడు తల వంచి, అదే క్షణంలో మోకాలు మడవాల్సి రావడం ఆమెకు కష్టమైంది. క్రెటాకు ఆ ఇబ్బంది లేదు, వెనక తలుపు చోటు వాలు లేకుండా నిలువుగా ఉంటుంది. విండ్సర్‌లో 2,700 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) వల్ల కాళ్లు ముందుకు చాపుకునే చోటు దొరికింది, సీటు వెనక్కి బాగా వాలింది. అందులో ఇరవై నిమిషాలయ్యాక లేవమంటే ఆవిడ లేవలేదు. అదే ఆమె ఇచ్చిన మార్కు.

ఇంకో సంగతి కోడలే కనిపెట్టింది. యాక్సిలరేటరు వదలగానే కారు గట్టిగా నెమ్మదించి బ్యాటరీకి కరెంటు పంపే రీజెన్‌ను ఎక్కువలో పెడితే వెనక కూర్చున్నవారికి కడుపులో తిప్పుతుంది. అద్దె కారులో పెద్దావిడకు వాంతి అయినంత పనైంది. భర్త దానికి కారణం ఏసీ వాసన అనుకున్నారు. "నేను నడిపినప్పుడు రాలేదు కదా, మీరు దాన్ని ఎక్కువలో పెట్టి నడిపారు" అంది ఆమె. రీజెన్‌ను తక్కువలో పెట్టి మళ్లీ నడిపితే ఇబ్బంది లేదు. ఆ రోజు నుంచి నా ప్రశ్నలన్నీ ముందు ఆమెనే అడిగాను.

నిర్ణయం, దాని ముందు ఒక ప్రలోభం

చివరికి క్రెటా, విండ్సర్ మిగిలాయి. పెద్ద బ్యాటరీ క్రెటా, మేం చూసిన ధరకు బీమా కలిపితే బడ్జెట్ అంచు దాటింది. 42 యూనిట్ల చిన్న బ్యాటరీ క్రెటా బడ్జెట్‌లో సరిపోయింది, బ్రోచర్‌లో కంపెనీ చెప్పిన రేంజ్ 390. మధ్యలో ఆగితే ఊరి దారికి అదీ గడుస్తుంది, కాకపోతే పై లెక్కన 250 కిలోమీటర్లు రావు, పాడైన చార్జింగ్ కేంద్రం ఎదురైతే మిగులు తక్కువ. "విండ్సర్ ఎస్‌యూవీ కాదు కదా సార్" అని భర్త చివరి అభ్యంతరం చెప్పారు. ఎస్‌యూవీ నుంచి మీకు కావాల్సింది ఏమిటని అడిగాను. తల్లి ఎక్కడానికి సుఖమైన ఎత్తు, ఊళ్లో కాలువ గట్టు మీద కిందికి తగలకుండా వెళ్లే ఎత్తు అన్నారు. రెండూ అందులో ఉన్నాయి. దాంతో విండ్సర్ ప్రో ఖాయమైంది.

అప్పుడు షోరూంలో బ్యాటరీని అద్దెకిచ్చే పథకం చూపించారు. 2025 మేలో ప్రకటించిన ధరల ప్రకారం మొత్తం కారు 17.49 లక్షలు, బ్యాటరీ లేకుండా 12.49 లక్షలు, ఆపై కిలోమీటరుకు 4.50 రూపాయలు. ఐదు లక్షలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ ఐదు లక్షలను 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే కట్టేది మొత్తం సుమారు 6.23 లక్షలు. అద్దె చొప్పున చూస్తే అది 1,38,000 కిలోమీటర్లకు సమానం, వీళ్ల వాడకంలో పదేళ్లు. ఇంతవరకూ చూస్తే అద్దె మేలే అనిపిస్తుంది. కానీ ఒప్పందంలో నెలకు కనీసం 1,500 కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉంది. వీళ్లు నడిపేది 1,150. అంటే నెలకు 6,750 రూపాయలు తప్పవు, ఏడేళ్ల ఎనిమిది నెలల్లో అప్పు మొత్తం దాటిపోతుంది. పాత కారును పదకొండేళ్లు ఉంచుకున్న కుటుంబం ఇది. బ్యాటరీతో సహా కొన్నారు. సర్వీసు బిల్లుల నుంచి తీసిన ఆ 1,150 అంకె లేకపోయి ఉంటే, ఆయన చెప్పిన రెండు వేలతో లెక్క కట్టి ఆ కనీస షరతును పట్టించుకునేవాణ్నే కాదు.

నా పద్ధతిలో మారినవి

మార్కుల పట్టిక ఇప్పుడు వాడడం లేదు. దాని బదులు, ఏ ఒక్క అంశంలో విఫలమైతే కారును వెంటనే తీసేస్తామో ముందే రాయించుకుంటున్నాను. ఈ కుటుంబానికి అలాంటివి మూడు: పెద్దావిడ ఇరవై నిమిషాలు కూర్చోలేకపోవడం, 22 లక్షలు దాటడం, 250 నికర కిలోమీటర్లు రాకపోవడం. కుటుంబంలో కారు ఎక్కువగా నడిపేవారు లేకుండా మొదటి సమావేశం పెట్టడం లేదు. వాళ్లు ఉండి మాట్లాడకపోతే విడిగా ఫోన్ చేస్తున్నాను. బ్యాటరీకి 'జీవితకాల' వారంటీ అన్న ప్రకటనను ఎంపికలో లెక్కలోకి తీసుకోవడం కూడా తగ్గించాను. అది మొదటి యజమానికే వర్తిస్తుంది కనుక, కారును మూడు నాలుగేళ్లకే అమ్మేసేవాళ్లకు దాని విలువ వేరు, వీళ్లలాంటివాళ్లకు వేరు.

నేను గమనించని విషయం ఒకటుందని మొదట్లో చెప్పాను. దసరాకు వాళ్లు కొత్త కారులో ఊరు చేరారు, 30 శాతం చార్జి మిగిలింది. రెండు రాత్రులు ఇంటి సాకెట్లో పెడితే నిండుతుందన్నది నా లెక్క. రాత్రి తొమ్మిదిన్నరకు భర్త ఫోన్ చేశారు. చార్జరు పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోంది, కారు కరెంటు తీసుకోవడం లేదు. ఆ పాత ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్లున్నాయి కానీ మూడో రంధ్రం వెనక తీగ లేదు. ఎర్త్ లేనిచోట ఈ చార్జర్లు కరెంటు ఇవ్వవు, అది వాటి రక్షణ ఏర్పాటు. హైదరాబాద్‌లో 38 మీటర్ల తీగను అంగుళం అంగుళం కొలిచిన నేను, ఊరి ఇంటి ఎర్త్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. తిరుగు ప్రయాణంలో వాళ్లు విజయవాడ దగ్గర గంట సేపు ఆగి చార్జి చేసుకున్నారు. తరువాతి నెలలో ఊరి ఎలక్ట్రీషియన్ పెరట్లో గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు వేసి కొత్త ఎర్త్ దింపాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పెద్దావిడే ఫోన్ తీసుకుని "ఈసారి పచ్చలైటు వచ్చింది బాబూ" అని చెప్పారు.